ఒకే కొక్కేనికి రెండు తీగలు

రెండో ఇంటర్నెట్ లైను పెట్టించడానికి నేను పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు.

మా తమ్ముడిది ఫోన్లు ఎత్తే ఆఫీసు. ఆసుపత్రులకీ క్లినిక్కులకీ వచ్చే ఫోన్లు నెట్ ద్వారా మా దగ్గరికి వస్తాయి. నలుగురు అమ్మాయిలు హెడ్‌సెట్లు తగిలించుకుని అపాయింట్‌మెంట్లు ఇస్తారు. కంప్యూటర్ల బాగోగులు నావి. అందరికీ జీతాలొచ్చేది మాత్రం ఒక్క పెద్దాసుపత్రి వల్లే. "ఇంకొక్కసారి మీ నెట్ పోయి మా పేషెంట్లకి ఫోన్ కలవలేదంటే వేరేవాళ్ళని చూసుకుంటాం" అని ఆసుపత్రివాళ్ళు తెగేసి చెప్పారు. అందుకే ఒక కంపెనీ లైను పోతే ఇంకో కంపెనీది అందుకునేలా ఈ ఏర్పాటు.

కొత్త కంపెనీ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాక లైన్‌మాన్ వచ్చాడు. చూస్తే పాత కంపెనీ లైన్‌మానే! చొక్కా ఒక్కటే మారింది.

"నువ్వు వాళ్ళ మనిషివి కదయ్యా?"

"పొద్దున వాళ్ళకి, మధ్యాహ్నం వీళ్ళకి మేడమ్. ఈ వీధికంతా నేనే."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అతను పాత తీగ ఉన్న స్తంభానికే నిచ్చెన ఆనించి, కొత్త తీగని కూడా అదే కొక్కేనికి తగిలించి, అదే కిటికీలోంచి లోపలికి లాగాడు. తమ్ముణ్ణి పిలిచి చూపించాను.

"ఒరే, తెగితే రెండూ కలిసే తెగుతాయిరా. వెనక సందులోంచి లాగమను."

"వెనక స్తంభాలు లేవు మేడమ్. కొత్తవి పాతాలంటే చాలా టైం పడుతుంది" అన్నాడు లైన్‌మాన్.

"అక్కా, కంపెనీలు రెండు, బిల్లులు రెండు. ఇంక నస పెట్టకు. రేపు ఆసుపత్రివాళ్ళు చూడ్డానికొస్తున్నారు" అన్నాడు తమ్ముడు.

మర్నాడు ఆసుపత్రి మేనేజరు ఎదురుగా తమ్ముడు ఒక తీగ పీకాడు. ఫోన్లు ఆగలేదు. అది పెట్టేసి రెండోది పీకాడు. అప్పుడూ ఆగలేదు. మేనేజరు సంతోషంగా చెయ్యి కలిపి వెళ్ళాడు. తమ్ముడు నా వంక చూసి కళ్ళెగరేశాడు. నాకు ఒళ్ళు మండింది.

కొన్నాళ్ళకి ఎత్తుగా బీరువాలేసుకుని వెళ్తున్న లారీ ఒకటి ఆ రెండు తీగల్నీ కొక్కెంతో సహా ఈడ్చుకుపోయింది. హెడ్‌సెట్లన్నీ మూగబోయాయి. తమ్ముడి సెల్‌ఫోన్ నెట్‌తో ప్రయత్నిస్తే మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. రెండు కంపెనీలకీ ఫోన్ చేస్తే రెండూ "మా మనిషి బయల్దేరాడు" అన్నాయి. బయల్దేరింది ఒక్కడే. చెమటలు కక్కుకుంటూ వచ్చి నిచ్చెనెక్కి, "ముందు ఎవరిది కలపమంటారు మేడమ్?" అని అడిగాడు.

"ఎవరిదైతే ఏం నాయనా, కలుపు" అన్నాను. కసురుకునే ఓపిక కూడా లేదు.

సాయంత్రానికి రెండు లైన్లూ వచ్చాయి. క్లినిక్కుల ఫోన్లు మోగాయి. ఆసుపత్రిది మోగలేదు. వాళ్ళ ఫోన్లు అప్పటికే ఇంకో ఆఫీసుకి తిప్పేశారు. తమ్ముడు మేనేజరుకి ఫోన్ చేసి "సార్, సార్" అంటూ బతిమాలాడు. అవతల్నుంచి ఏం విన్నాడో, మెల్లగా పెట్టేశాడు.

రేపు రావాలో వద్దో అడగలేక అమ్మాయిలు సంచులు పట్టుకుని నిలబడ్డారు. "రేపట్నుంచి ఇద్దరు చాలమ్మా" అన్నాడు. ఏ ఇద్దరో చెప్పలేక తల దించుకున్నాడు. వాళ్ళు వెళ్ళాక నా పక్కన కూలబడ్డాడు.

"నువ్వు చెప్పావు కదక్కా."

చెప్పాను. చిన్నప్పట్నుంచీ వాడితో వాదనలో నెగ్గాలని నాకు తెగ ఉబలాటం. ఈ ఒక్కదాంట్లో ఓడిపోయి ఉంటే ఎంత బాగుండేదో అనిపించి ఏడుపొచ్చింది.