తొంభై నిమిషాల పెట్టె

రోజూ పొద్దున కాఫీ అయ్యాక ఆర్లిస్ టీవీని పాజ్ చేసి బయటి పనులు చూసుకునేది. టీవీ ఆగితే ఎదురుగా కుర్చీలో కూర్చున్న ఆవిడ భర్త రెయినో కూడా ఆగిపోయేవాడు. నోటి దాకా వచ్చిన చెంచా నోటి దగ్గరే, సగం వచ్చిన దగ్గు సగంలోనే. ఆవిడ వాకిట్లో మంచు ఎత్తిపోసుకుని, మందుల షాపుకి వెళ్ళొచ్చి మీట నొక్కితే మిగిలిన సగం దగ్గు అప్పుడు దగ్గేవాడు. అమెరికాలో పెద్ద సరస్సు ఒడ్డునున్న రేవు పట్టణం డులూత్‌లో ఆ వీధి వీధంతటికీ ఈ సంగతి తెలుసు. ఫోన్ చేసినవాళ్ళు ముందు "మీ ఆయన ఆగి ఉన్నాడా, ఆడుతున్నాడా?" అని అడిగి మరీ కబుర్లలోకి దిగేవాళ్ళు.

చిక్కల్లా ఒక్కటే. టీవీని ఆపేది కేబుల్ కంపెనీ అద్దెకిచ్చిన పెట్టె, అది గంటన్నరకి మించి ఆపదు. తొంభై నిమిషాలు దాటితే ఎవరూ అడక్కుండానే తనంతట తను ఆడటం మొదలుపెడుతుంది. జనవరిలో ఓ రోజు కారు మంచులో కూరుకుపోయి ఆర్లిస్ రావడం ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. వచ్చేసరికి రెయినో కింద పడి ఉన్నాడు, చొక్కా మీద నెత్తురు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఖనిజం ఓడల్లోకి ఎక్కించే రేవులో పనిచేసిన ఊపిరితిత్తులవి. అవి అంతకంటే మంచిగా ఎలా ఉంటాయి?

"పెద్దమ్మా, నెలనెలా అద్దె పోసి ఆ డబ్బాని మేపడం ఎందుకు?" అన్నాడు గోర్డీ. వాడు ఆర్లిస్ చెల్లెలి కొడుకు, కంప్యూటర్ల షాపులో పని. "నేనే ఒక కంప్యూటర్ చేసిస్తాను. టీవీకే తగిలిద్దాం. ఒక్కసారి ఖర్చు, ఆ తర్వాత అది మనది. లోపల ఇంత పెద్ద డిస్కు పెడితే మూడు వారాలైనా ఆపుకోవచ్చు."

"అది మధ్యలో తనే ఆగిపోయి మళ్ళీ మొదలవదూ? మా ఇంటిపక్క వాళ్ళది అలాగే చేస్తుంది."

"అప్‌డేట్లన్నీ తీసేస్తా. నువ్వు చెప్పందే కదలదు."

"నన్నెవరైనా అడిగారా?" అన్నాడు రెయినో. "ఆపేది నన్ను! మూడు వారాలట. ఈలోగా ఈవిడ ఏ కుర్ర మగణ్ణో తెచ్చుకుంటే నాకెలా తెలుస్తుంది?"

"తెచ్చుకుంటే నీకంటే బాగా మంచు ఎత్తేవాణ్ణే తెచ్చుకుంటాలే," అంది ఆర్లిస్.

ఆవిడ నాలుగు రోజులు ఎటూ తేల్చుకోలేకపోయింది. అద్దె పెట్టె పాడైతే కంపెనీవాడు మారుస్తాడు. సొంతది పాడైతే గోర్డీని బతిమాలుకోవాలి. అద్దె పెట్టెకి మీటలు తక్కువ, కళ్ళజోడు లేకపోయినా నొక్కొచ్చు. కానీ రెయినో చొక్కా మీది మరక ఎన్నిసార్లు ఉతికినా పూర్తిగా వదల్లేదు. ఐదో రోజు గోర్డీకి ఫోన్ చేసి, చేసెయ్యమంది.

మార్చి మొదట్లో వాడు తెచ్చి బిగించాడు. నల్లగా, వంటింటి ఓవెన్‌లో సగం ఉంది. "పాతదాన్ని విప్పి ఇచ్చెయ్ పెద్దమ్మా," అన్నాడు. నెలాఖరు దాకా అద్దె కట్టేశాంగా, అంతవరకూ ఉండనిమ్మంది ఆర్లిస్. అలా టీవీకి రెండూ తగిలించి ఉండిపోయాయి.

మార్చి తొమ్మిదిన, టీవీలో హైస్కూలు పిల్లల హాకీ పోటీలు వస్తుండగా, నర్సు కొలీన్ ఆర్లిస్‌ని వంటింట్లోకి పిలిచింది. ఇంటికొచ్చి చివరి రోజుల్లో చూసే నర్సు ఆమె, మాట నాన్చదు.

"ఇవాళో రేపో అమ్మా. పిలవాల్సినవాళ్ళు ఉంటే పిలవండి."

పిలవడానికి ఎవరున్నారు? ఆర్లిస్ గదిలోకి వచ్చి నిలబడింది. ఆటలో రెండో భాగం నడుస్తోంది. రెయినో శ్వాస ఎక్కడో చిక్కుకుని, తెగి, మళ్ళీ అందింది. కాఫీ కప్పు కోసం చెయ్యి చాపాడు. ఆ చెయ్యి కప్పుని అందుకోకముందే ఆవిడ కొత్త పెట్టెలో పాజ్ నొక్కేసింది.

ఇక తొందరేముంది? ఆవిడ ఆ రోజు చాలా నెలల తర్వాత స్థిమితంగా భోంచేసింది. మర్నాడు ఇల్లు దులిపింది. రెయినో చాచిన చేతి కింద నుంచి కూడా తుడిచింది. రోజూ పాత కాఫీ పారబోసి అదే కప్పులో వేడి కాఫీ పోసేది, ఏ క్షణాన ఆడించాలనిపించినా చల్లటిది తాగకూడదని. కొలీన్ వచ్చి నాడి చూసి, కాగితం మీద "మార్పు లేదు" అని రాసుకుని వెళ్ళేది. వారం గడిచేసరికి ఆర్లిస్ ఆయన పక్కనే కూర్చుని ఆయనతోనే మాట్లాడేది. జవాబు రాదు. నలభై ఆరేళ్ళు మాటకి మాట అంటించిన మనిషి పక్కనే ఉండి జవాబు చెప్పకపోతే ఆ దుఃఖం వేరు. దాన్ని ఎవరితో చెప్పుకోవాలో ఆవిడకి తెలియలేదు.

మార్చి ఇరవై రెండున సరస్సు మీద మంచు పగిలి, ఆ ఏడాది మొదటి ఓడ రేవులోకి వచ్చింది. మొదటి ఓడ ఏ రోజు, ఏ గంటకి వస్తుందో ఫిబ్రవరిలోనే చీటీ రాసి పెట్టెలో వెయ్యడం ఆ ఊరి పిచ్చి. రెయినో ఏటా రాసేవాడు, ఏటా ఓడిపోయేవాడు. ఆ వచ్చే ఓడని మాత్రం రేవు గట్టున నిలబడి చూడకుండా ఒక్క ఏడూ ఉండలేదు.

ఓడ కూత ఇంట్లోకి వినబడింది. రెయినో చెయ్యి గాల్లోనే ఉంది. గంట తర్వాత ఫోన్ మోగింది, చీటీల పోటీ నడిపేవాళ్ళ దగ్గర్నుంచి.

"రెయినో గారున్నారా? నాలుగే నాలుగు నిమిషాల తేడా అండీ! ఈసారి గెలిచింది ఆయనే!"

"ఆయన ఆగి ఉన్నారు," అంది ఆర్లిస్.

"అయ్యో. మళ్ళీ ఎప్పుడు ఆడతారు?"

ఆవిడ ఫోన్ పెట్టేసి కిందే కూలబడి ఏడ్చింది. ఆయన చావుని ఆపుతున్నాననుకుంది గానీ, ఆయన ఎదురుచూసిన రోజుని కూడా తనే ఆపేసింది. ఆ గెలుపు కబురు ఆయన చెవిన పడాలి. పడాలంటే మీట నొక్కాలి. నొక్కితే ఆయన వెళ్ళిపోతాడు, అదీ తన వేలితో.

గోర్డీని పిలిపించింది. "నువ్వు నొక్కరా నాయనా."

వాడు రిమోట్ తీసుకుని, చాలాసేపు పట్టుకుని, తిరిగి బల్ల మీద పెట్టేశాడు. "నావల్ల కాదు పెద్దమ్మా. నన్నెత్తుకు తిరిగినాయన." కొలీన్‌ని అడిగితే, తనకి ఆ అధికారం లేదంది.

"ఇది ఎప్పటికి వదులుతుందిరా?" అని అడిగింది ఆర్లిస్, నల్ల పెట్టెని చూస్తూ.

"డిస్కు నిండేదాకా. ఇంకో వారం. అదీ నిండకుండా నేను పెంచగలను, పెంచమంటే."

"వద్దు," అంది ఆవిడ. అని, దాని పక్కనే ఉన్న అద్దె పెట్టె వైపు చూసింది. అది ఎవరి మాటా వినదు. దాంతో ఆపితే గంటన్నర కాగానే తనే వదిలేస్తుంది. ఎవరి చేతికీ పాపం అంటదు.

గోర్డీని ఇంటికి పంపేసి, కాఫీ మార్చి, కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చుంది. టీవీని నల్ల పెట్టె నుంచి అద్దె పెట్టెకి మార్చింది. తెర మీద హాకీ కుర్రాడు పోయి, అద్దె పెట్టెలో ఆడుతున్న వంటల కార్యక్రమంలో ఎవరో ఆవిడ పిండి ఒత్తుతూ కనబడింది. దాన్ని ఆపేలోపే రెయినో చెయ్యి కప్పుని అందుకుంది.

"ఆట ఏమైంది?" అన్నాడు, ఊపిరి కూడదీసుకుంటూ.

"ఆట సంగతి వదిలెయ్. ఓడ వచ్చింది. నువ్వు రాసిన టైముకి నాలుగు నిమిషాలే తేడా. నువ్వే గెలిచావు."

ఆయన మొహం వెలిగింది. అంతలోనే నుదురు ముడిపడింది.

"ఓడ వచ్చేసిందా? మరి నన్ను లేపలేదేం?"

ఆర్లిస్ బొటనవేలు దానంతటదే పాజ్ నొక్కేసింది.

తొంభై నిమిషాలు. ఆవిడ లేవలేదు, ఫోన్ ఎత్తలేదు. ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుని జవాబు వెతుక్కుంది. నీకు నొప్పిగా ఉందని లేపలేదు అందామనుకుంది. డాక్టరు వద్దన్నాడు అందామనుకుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఈయన దగ్గర ఒక్క అబద్ధమూ నిలవలేదని గుర్తొచ్చి రెండూ మానేసింది. ఇంకా వెతుకుతుండగానే గంటన్నర నిండి, తెర మీది ఆవిడ పిండి మీద మళ్ళీ కర్ర దొర్లించింది.

"భయమేసింది," అంది ఆర్లిస్. "లేపితే వెళ్ళిపోతావని."

రెయినో ఆవిణ్ణి తేరిపార చూశాడు. కోపం తెచ్చుకునేంత ఊపిరి లేదో, అసలు కోపమే రాలేదో. వేళ్ళు కాస్త బిగిశాయి.

"ఎలా కూసింది?"

"ఒకటి పొడుగు, రెండు పొట్టి. మామూలుగానే."

"అలా చెబితే కాదు. కుయ్యి."

ఆర్లిస్ చర్చిలో కూడా గొంతు విప్పని మనిషి. పక్కింటికి వినబడుతుందేమోనని ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత నిండా గాలి పీల్చుకుని, ఖనిజం ఓడ లాగా పొడుగ్గా కూసింది. రెయినో కళ్ళు మూసుకుని తలాడించాడు. ఆవిడ పొట్టిగా ఇంకోటి కూసింది. ఆవిడ చేతిలో ఆయన వేళ్ళు వదులయ్యాయి.

మూడోది వినడానికి ఆయన లేడు. ఆర్లిస్ దాన్ని కూడా కూసింది.