పెద్దాయన టైపు చేస్తున్నారు

కూరగాయల మార్కెట్లో వేలం పాడించే ఆ పెద్దాయనకి ‘మైకాసురుడు’ అని పేరు. మైకు ఉన్నా లేకపోయినా ఆయన గొంతు గేటు దాకా ఖంగుమనేది. టమాటా బుట్టల మధ్య నిలబడి ‘ఒకటోసారి, రెండోసారి’ అన్నాడంటే, మూడోసారికి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇచ్చేవాడు కాదు. తటపటాయించినవాడికి సరుకు దక్కేది కాదు, చీవాట్లు మాత్రం దక్కేవి.

అలాంటి మనిషికి గొంతులో క్యాన్సర్ వచ్చి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. అప్పట్నుంచీ ఆయన గడప దాటలేదు. మార్కెట్ నుంచి ఎవరైనా చూడ్డానికొస్తే ముసుగుతన్ని పడుకునేవాడు. రోగం నయమైందని డాక్టర్లు అన్నా, మనిషి ఇలాగే గోడకేసి చూస్తూ ఉండిపోతాడేమోనని కోడలికి బెంగ పట్టుకుంది.

“మావయ్యా, క్యాన్సర్ వచ్చినవాళ్ళు కలిసి మాట్లాడుకునే గ్రూపు ఒకటుంది. కంప్యూటర్లోనే, వారానికోసారి. కౌన్సెలర్ కూడా ఉంటారు.”

మాట్లాడుకునేచోట నాకేం పని అన్నట్టు ఆయన మెడ చూపించాడు.

“టైపు చేయండి. అయినా మీకు గొంతుంటే పాపం వాళ్ళనెక్కడ మాట్లాడనిస్తారు!” అని ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టేసింది.

తెర మీద ముగ్గురు కనిపించారు. కౌన్సెలర్, బట్టలు కుట్టే ఒకావిడ, స్కూలు బస్సు డ్రైవరు. డ్రైవరు తన స్కాన్‌లో ఏమీ లేదన్నారని చెప్పాడు. పెద్దాయన సంబరపడిపోయి, ఒంటివేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ జవాబు మొదలుపెట్టాడు. ఈలోగా కుట్టుపనావిడ కబురు మార్చేసింది.

“మా అత్తగారు నిన్న బాత్రూంలో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారండీ.”

సరిగ్గా అప్పుడే పెద్దాయన జవాబు అందరి ముందూ ఊడిపడింది: ‘చాలా సంతోషం. ఇలాంటి కబుర్లు ఇంకా ఎన్నో వినాలి.’

కుట్టుపనావిడ కళ్ళు చిట్లించి దాన్ని రెండుసార్లు చదువుకుంది.

“మా అత్తగారు మీకు ముందే తెలుసా ఏంటండీ?” అంటూ ఆవిడ పగలబడి నవ్వింది. డ్రైవరుకైతే నవ్వలేక పొలమారింది.

పెద్దాయనకి మాత్రం తల కొట్టేసినట్టయింది. ల్యాప్‌టాప్ టపీమని మూసేశాడు. ఆలస్యమైనవాడికి ఏదీ దక్కదని లోకానికి నేర్పిందే తను. ఇప్పుడు ఆ ఆలస్యమైనవాడు కూడా తనే.

“ఈ ఒక్కసారికీ కూర్చోండి మావయ్యా. నచ్చకపోతే ఇక చచ్చినా అడగను,” అని మరుసటి వారం కోడలు బతిమాలింది. మూతి ముడుచుకునే కూర్చున్నాడు.

ఈసారి కౌన్సెలర్ ఎవరికేది కష్టంగా ఉందో చెప్పమంది. మిగతా ఇద్దరూ చెప్పారు. పెద్దాయన ‘అంతా బాగానే ఉంది’ అని కొట్టడం మొదలుపెట్టాడు. కౌన్సెలర్ వేరే సంగతి ఎత్తబోయింది.

“ఆగండి మేడమ్, పెద్దాయన టైపు చేస్తున్నారు,” అంది కుట్టుపనావిడ.

ఎవరూ మాట్లాడటం లేదేమిటా అని ఆయన తలెత్తాడు. ఆవిడ సూదిలో దారం ఎక్కించుకుంటోంది. డ్రైవరు తీరిగ్గా టీ తాగుతున్నాడు. అందరూ తనకోసమే ఆగారు. అన్నేళ్ళ వేలంలో తను ఎవరికోసమూ అలా ఆగిన పాపాన పోలేదు. పెద్దాయనకి సిగ్గేసింది, ఆపైన గుండె నిండిపోయింది. కొట్టిందంతా చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాడు.

‘మార్కెట్‌కి వెళ్ళాలనుంది. మాటలేని నన్ను చూసి అందరూ జాలిపడతారని భయం.’

“పడనివ్వండి,” అంది కుట్టుపనావిడ. “నా జుట్టు ఊడినప్పుడు మా వీధిలో ఒకావిడ రోజూ వచ్చి ఒకటే శోకాలు. చూసి చూసి, ఊరికే ఏడవడం దేనికని ఆవిడ చేతికి నాలుగు చొక్కాలిచ్చి గుండీలు కుట్టమన్నాను. మళ్ళీ ఇటు తొంగిచూస్తే ఒట్టు!”

పెద్దాయన భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. చప్పుడు లేదు, కళ్ళ వెంట మాత్రం బొటబొటా నీళ్ళు కారుతున్నాయి.

“అయ్యో, నవ్వుతున్నారా, ఏడుస్తున్నారా?” అన్నాడు డ్రైవరు కంగారుగా.

ఆయన ‘రెండూ’ అని కొట్టాడు. ఆ వెంటనే, రేపు పొద్దున్నే మార్కెట్‌కి వెళ్తున్నానని కొట్టడం మొదలుపెట్టాడు. అది పూర్తయ్యేదాకా అందరూ ఆగారు.