రంగం జాడీ

"దీని మీద నీ నీడ పడిందంటే చూడు!" అన్నాడు మా ఆయన, బండి వాకిట్లో ఆగీ ఆగకముందే.

ఆయన ఆ మాట అనే సమయానికి జాడీ అడుగున నా రెండు చేతులూ ఉన్నాయి. ఆయన ఒక చెవి పట్టుకుంటే, బరువంతా నేను రొమ్ముకి ఆనించుకుని దింపుతున్నాను. నీడేం ఖర్మ, నా ఒళ్లంతా దాని మీదే ఉంది. దింపేదాకా నా చేతులు కావాలి, దింపాక నా నీడ కూడా దోషమే. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. మా ఇంట్లో ఆ మల్లన్నని నేనే.

తుని మీదుగా రైలు పడిన కొత్తలో మాట ఇది. అప్పట్లో మా ఊళ్ల వాళ్లు కూలికి ఓడెక్కి బర్మాలోని రంగం పోయేవారు. అవే ఓడల్లో అక్కడి జాడీలు కాకినాడ రేవులో దిగేవి. నల్లగా నిగనిగలాడుతూ నా నడుమెత్తు ఉండేవి. ఒక్క జాడీలో ఇంటిల్లిపాదికీ ఏడాది ఆవకాయ పట్టేది. మా అత్త అప్పాయమ్మకి అలాంటి జాడీ మీద ఎప్పటినుంచో మనసు. కొడుకుని రేవుకి పంపేటప్పుడు గుమ్మంలో నిలబెట్టి మరీ పాఠం చెప్పింది. "వేలితో కొడితే కంచులా మోగాల్రా. బొదబొదమందా, పగులున్నట్టే. లోపలికి చెయ్యి పెట్టి తడుము, మెరుగు లేని చోట ఉప్పు తాగేస్తది. నీళ్లు పోయించి బూడిద మీద కూచోబెట్టు. బూడిద తడిసిందా, వదిలేసి పక్కది చూడు." నన్ను చేసుకోవడానికి వచ్చినప్పుడు కూడా ఆవిడ ఇలాగే చూసింది. నడిపించింది, మాట్లాడించింది, జడ లాగి సవరమేమో అని చూసింది. కాకపోతే జాడీని ఇంటికి తెచ్చాక మెత్తటి ఎండుగడ్డి కుదురు మీద కూర్చోబెట్టారు. నన్ను మాత్రం ఇప్పటిదాకా ఎవరూ కూర్చోమనలేదు.

కొత్త జాడీ అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. అంతకు ముందేడు పాత జాడీలో ఆవకాయ బూజు పట్టింది. ఎందుకు పట్టిందో నాకు తెలుసు. మా ఆడపడుచు పుట్టింటికొచ్చి తిరిగి వెళ్తుంటే, ముక్కల మీద తేలిన నూనెంతా మా అత్త ఒంపి కూతురి గిన్నెలో పోసింది. పైన నూనె లేని ఆవకాయ బూజు పట్టక ఏమవుతుంది? కానీ అత్త మళ్లీ జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పి చూసింది, నేను బయట ఉండి, తలంటుకుని ఇంట్లోకి వచ్చిన మర్నాడే. అంతే, కారణం దొరికిపోయింది. "ముట్టుకున్నావు కదే ముదనష్టపుదానా!" అంది అత్త. "లేదత్తయ్యా, నూనె..." అన్నాను. ఆ మాట పూర్తి కాకుండానే మా ఆయన ఎడ్లని తోలే కర్ర అందుకున్నాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు దడి మీంచి చూస్తూనే ఉన్నారు. దెబ్బలు తిన్నాక ఆ జాడీని నా నెత్తి మీదే పెట్టించి పెంట మీద పారబోయించారు. కారం నూనె మెడ మీదుగా కారి, కర్ర చీరిన చోట మండింది. ఆ మంట ఒంటి మీంచి పోయింది గానీ నాలోంచి పోలేదు.

ఆ ఏడాదంతా నాకు ఊరగాయ బందు. గంజన్నంలో ఉప్పుకల్లు వేసుకుని తిన్నాను. వాళ్లు మాత్రం అత్త తమ్ముడు సత్తియ్యగారి ఇంటి నుంచి తెప్పించుకున్న ఆవకాయ నా ఎదుటే లొట్టలేస్తూ నంజుకున్నారు. కోరుకొండ దగ్గర ఆయనకి మంచి పొలం ఉంది, పాపాయి అనే కూతురుంది. ఆవకాయతో పాటే ఆ పిల్ల మాట కూడా మా ఇంట్లోకి వచ్చింది. "చెయ్యి చెడ్డదానికి కడుపు మాత్రం పండుద్దా? పాపాయిని తెచ్చుకుంటే సరి" అనేది అత్త, నాకు వినపడాలనే. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. మొగుడి మీద ప్రేమ పొంగిపోయి నేను ఏడవలేదు. నేను ఊడ్చి, కోసి, నూర్చి నింపిన గాదెలోంచి రేపు ఇంకొకత్తె కొలిచి నాకు తిండి పెడుతుందే, అది తలుచుకుంటే కడుపు రగిలిపోయేది. ఆ పిల్ల మీద కోపం లేదు. ఆ పిల్లకీ ఈ జాడీయే, ఈ దొడ్లో పాకే కదా.

నెలనెలా బయట చేరిన ఆ మూడు రోజులూ దొడ్లో పాకలో ఉన్నప్పుడు నేను చాలా ఆలోచించేదాన్ని. వంటింటి గుమ్మం తొక్కకూడదు, గాదె వైపు చూడకూడదు, ఊరగాయల గది ఛాయలకి పోకూడదు. సరే. మరి పేడ ఎత్తొచ్చు, పిడకలు కొట్టొచ్చు, మోకాలి లోతు బురదలో నాట్లు వెయ్యొచ్చు. వరి పండించడానికి అడ్డురాని మైల ఆ వరి గాదెలో పడగానే ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు ఎంత బుర్ర చించుకున్నా తెలిసేది కాదు. ఒకసారి అడిగాను కూడా. "నోటికి తాళం వేసుకో" అని తప్ప ఎవరూ జవాబు చెప్పలేదు.

చైత్రంలో కొత్త జాడీని నేనే కుంకుడు నురగతో కడిగి ఎండబెట్టాను. ఉప్పు ఎండబెట్టాను, ఆవాలు దంచాను, మిరపకాయలు దంచి దంచి కళ్లు ఉబ్బిపోయేలా తుమ్మాను, కత్తిపీట ముందు కూర్చుని బుట్టల కొద్దీ కాయలు టెంకతో సహా కొట్టాను. ఇన్ని చేసినా ఆవకాయ కలిపే చెయ్యి మాత్రం అత్తదే. ఊళ్లో పేరు వచ్చేది ఆ చేతికే. అయితే ఆ ఏడు ఆవిడ కుడిచేతి వేలికి గోరుచుట్టు లేచింది. మంగలి వచ్చి గాటు పెట్టి గుడ్డ కట్టి వెళ్లాడు. ఉప్పూ కారం తగిలితే ప్రాణం పోతుంది. కోసిన ముక్కలు ఆగవు. ఇంక గతిలేక నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది. "తలకి పోసుకుని రా. నేను చెప్పినట్టు కలుపు. ఎవరడిగినా నేనే కలిపానను. నీ చెయ్యి వట్టి తెడ్డనుకో, చెప్పేది నేను కాబట్టి చెయ్యి నాదే" అంది.

ఆ తెల్లవారుజామునే నేను బయట చేరాను. ఇంకా ఎవరికీ చెప్పలేదు. "చెప్పెయ్" అని లోపల ఒక గొంతు అంది. ఆ మాట వెనకే మెడ మీద కారిన కారం నూనె గుర్తొచ్చింది. తలకి పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి గంగాళం ముందు కూర్చున్నాను. మోచేతుల దాకా పెట్టి కలిపాను. ముక్కని నూనెలో ముంచి, పిండిలో దొర్లించి, జాడీలో వేసి, పైన నూనె నిండుగా పోసి నా చేత్తోనే వాసెన కట్టాను. అత్త పీట మీద కూర్చుని "ఇంకాస్త ఉప్పు, ఇంకాస్త" అంటూనే ఉంది. మూడోనాడు తిరగకలిపింది కూడా నేనే, అప్పటికీ నేను ఇంకా బయటే. నాకు భయం వెయ్యలేదు. సంతోషం వేసింది. పెళ్లయ్యాక ఆ ఇంట్లో నేను అంత సంతోషపడ్డ రోజు ఇంకోటి లేదు.

నిజం చెప్పొద్దూ, అది పాడవుతుందేమోనని నాలోనూ ఒక మూల శంక ఉండేది. పుట్టినప్పట్నుంచి వింటున్న మాట కదా. ఎవరూ లేనప్పుడు వాసెన విప్పి చూసేదాన్ని. ఎర్రగా, నూనె తేలి, గది నిండా ఘుమఘుమ. వాన పడ్డా బూజు లేదు, ముసురు పట్టినా మెత్తబడలేదు. వారానికోసారి పొడి తెడ్డుతో చిన్న జాడీలోకి తీసేవాళ్లు, పెద్దదాన్ని ఊరికే తెరవకుండా. మా ఆయన వేడన్నంలో ఎర్రగా కలుపుకుని, "అమ్మ చెయ్యి పడితే ఆ రుచే వేరు" అనేవాడు. ఆయన ఒక్కో ముద్ద మింగుతుంటే గొంతు ఎత్తుకి లేచి దిగడం చూసేదాన్ని. తిను నాయనా, ఇంకో ముద్ద తిను అనుకునేదాన్ని. నా దెబ్బలన్నీ ఆ కంచంలోనే తీరుతున్నట్టుండేది. అయినా అది నా ఒక్కదానికే తెలిసిన కసి. వాళ్లకి తెలియని కసి సగం కసే.

కార్తీకంలో సత్తియ్యగారు ముహూర్తం మాట్లాడటానికి వచ్చాడు. నడవలో ఆయనకీ మా ఆయనకీ అరిటాకులు వేశారు. అత్త గుమ్మంలో కూర్చుంది. నేను వడ్డిస్తున్నాను.

"అప్పా, ఇదేం ఆవకాయే! మా ఇంట్లో ఏనాడూ ఇలా కుదర్లేదు" అన్నాడు సత్తియ్యగారు వేలు నాక్కుంటూ. "ఎవరి చెయ్యి?"

"ఇంకెవరిదిరా, నాదే. దీన్ని ఆ గది గుమ్మం కూడా తొక్కనివ్వలేదు. అప్పుడు ఇది ముట్టుకోబట్టే కదూ జాడీడు ఆవకాయ పెంటపాలైంది! ఈ కొంపకి మంచి చెయ్యి కావాలి. మాఘంలో పాపాయిని పంపించెయ్."

"మరి ఈ అమ్మాయో?" అన్నాడాయన నా వైపు చూడకుండానే.

జవాబు మా ఆయన చెప్పాడు. "ఇదీ ఉంటాది లెండి మావయ్యా. పశువుల పనీ పెరటి పనీ చూసుకుంటది. పాపాయికి ఏ కష్టమూ ఉండదు."

నేను అన్నం గిన్నె కింద పెట్టాను.

"మావయ్యగారండీ, మీరు తింటున్న ఆవకాయ కలిపింది నేనండి. కలిపిన రోజు నేను బయట ఉన్నానండి. మూడోనాడు తిరగకలిపింది కూడా నేనేనండి."

సత్తియ్యగారి చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. "ఏంటమ్మాయ్ నువ్వనేది?"

"అబద్ధం! దీని నోట్లో మన్నుపడ, నేనే కలిపాను!" అని అత్త లేచింది.

"చైత్రంలో మీ వేలికి గాటు పెట్టిన మంగలి వీధి చివరే ఉన్నాడు అత్తయ్యా. పిలిపించమంటారా? గాటు పెట్టిన వేలితో కారం కలిపారో లేదో ఆయన్నే అడుగుదాం. చైత్రం నుంచి కార్తీకం దాకా తిన్నారు. ఒక్కరికైనా కడుపులో నొప్పొచ్చిందా?"

అత్త ఆ వేలిని కొంగులో దాచుకుంది. మా ఆయన నోట్లోది ఆకులో ఊసి, "పెంట మీద పొయ్యండి! జాడీ కూడా పగలగొట్టండి!" అని అరిచాడు. అత్తకి కొడుకు గొంతుతో మళ్లీ ప్రాణం వచ్చింది. "అవున్రా. ఆ రోజుల్లో ఇది ముట్టుకున్నది ఏదైనా సరే, క్షణం ఇంట్లో ఉండకూడదు. ఏదైనా సరే!" అంటూ తలబాదుకుంది.

ఆ మాట ఆవిడ నోటితోనే రావాలని నేను ఎదురుచూస్తున్నాను. మా ఆయన వైపు తిరిగాను. నన్ను కొట్టినప్పుడు ఆయన ముఖం ఎలా ఉందో ఆ రోజు చూడలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా చూశాను.

"నేను పాకలో పడుకునే ఆ మూడు రోజుల్లో మీ అబ్బాయి ఒక్క నెలైనా పాకలోకి రాకుండా ఉన్నాడేమో అడగండి అత్తయ్యా. వద్దు, ఈ రోజుల్లో వద్దని కాళ్లు పట్టుకున్నా ఊరుకున్నాడేమో, మావయ్యగారి ఎదుటే అడగండి."

అడగక్కర్లేకుండా ఆయన తల ఆకులోకి వంగిపోయింది. సత్తియ్యగారు మేనల్లుణ్ణి ఒకసారి చూసి, ఆకు మడిచి లేచాడు. "అప్పా, మా పిల్ల మాట ఇంక ఎత్తకు" అని చెయ్యి కూడా కడుక్కోకుండా వాకిట్లోకి నడిచాడు.

నేను దొడ్లోకి వెళ్లి పెంట ఎత్తే పార తెచ్చి అత్త ముందు పెట్టాను.

"చెప్పండి అత్తయ్యా, ముందు దేన్ని పెంట మీద వేద్దాం? జాడీనా, మీ అబ్బాయినా?"