ఆపా కార్డుకి స్టాంపులు

ఆదివారం నాస్తా కాగానే ఫసియుద్దీన్ కంప్యూటర్ ముందు కూర్చుని కూతురు షిఫా షాదీ ఖర్చులు లెక్కవేయడం ఆ నెలంతా మామూలైపోయింది. కంప్యూటర్ల వై టూ కే గండం పుణ్యమా అని సింగపూర్‌లో నాలుగు డాలర్లు వెనకేసుకున్న మనిషి. హాలు, బిర్యానీ, పూలు అన్నీ గళ్ళలో సర్దేశాక మిగిలింది స్టాంపుల ఖర్చు. ఒక కార్డు తూచి, దాని బరువుతో మొత్తం కార్డులకీ గుణించేశాడు. ప్రోగ్రాములు రాసేవాడి బుద్ధి మరి.

మనింటి కార్డులన్నీ ఒకే బరువు ఎప్పుడున్నాయని టీ ఇస్తూ సయీదా నవ్వింది. నిజమే. వాళ్ళింట్లో షాదీ కార్డు మీద పేరు రాసీ రాయగానే, ఆ మనిషి రావాలని రాసినవాళ్ళకి ఎంత ఉంటే అంత బరువెక్కేది. తాతల నాటినుంచీ అంతే. పెళ్ళి హడావుడిలో పడి పాపం మరిచిపోయాడు.

లెక్క మళ్ళీ మొదలైంది. పాయా లేబార్ పేటలోని ఫసియుద్దీన్ ఆఫీసు మేనేజరు కార్డు ఫ్యాను గాలికే ఎగిరి సోఫా కింద దూరింది. పండగ పండక్కీ వచ్చి తిని వెళ్ళే షిప్‌యార్డు వీరాస్వామి కార్డుకి మాత్రం మూడు స్టాంపులు పట్టాయి. పక్షుల బొమ్మలవా, ఆర్కిడ్ పూలవా అని తల్లీకూతుళ్ళు పోట్లాడుకుని పూలకి ఒప్పుకున్నారు.

చివరికి మిగిలింది నిజామాబాద్‌లో ఒంటరిగా ఉంటున్న సయీదా అక్క, ఆపా. సయీదాని ఎత్తుకుని పెంచింది ఆవిడే. నాలుగేళ్ళ కిందట అమ్మీ పోతే, సింగపూర్‌కి కొత్తగా వచ్చిన సయీదా మట్టి ఇవ్వడానికి వెళ్ళలేకపోయింది. ఇక నా గడప తొక్కకు అంది ఆపా. అప్పటినుంచి మాటల్లేవు. పెద్దవాళ్ళకి ఇంటిమనిషి మిఠాయితో వెళ్ళి కార్డు చేతికివ్వాలి. పోస్టులో పంపితే అవమానించినట్టే. అది తెలిసే సయీదా పంతానికి పోయింది.

"పోస్టులోనే పంపండి. చవక స్టాంపు చాలు. నా మనసులో ఏం లేదు," అంటూ ఆపా పేరు రాసింది. టేబుల్ కిర్రుమంది.

మర్నాడు ఆ కార్డుని తండ్రీకూతుళ్ళు మార్కెట్ ట్రాలీలో వేసి టాంపినీస్ పోస్టాఫీసుకి ఈడ్చుకెళ్ళారు. కౌంటర్లోని ఆంటీ తూచింది. ఇన్ని స్టాంపులు అతికిస్తే అడ్రసుకి చోటుండదు అంకుల్ అని, మొత్తం ఎంతవుతుందో చెప్పింది.

"డాడీ, ప్లేన్ టికెట్ చీపర్ లా," అంది షిఫా సింగపూర్ యాసలో.

 ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఉండి కూడా భార్య ఇంత మోస్తోందని ఫసియుద్దీన్‌కి తెలియలేదు. ట్రాలీ ఇంటికి తిప్పుకొచ్చి, స్టాంపులకయ్యే డబ్బుతో నువ్వే వెళ్ళి ఇచ్చిరా అని సయీదాతో అన్నాడు.



"ఆపా తలుపు తీయకపోతే?" అంది సయీదా.

"తీసేదాకా గడపలో కూర్చో. ఇల్లు నేను చూసుకుంటా."

సయీదా ఒంటిచేత్తో కార్డు తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. నాలుగేళ్ళుగా మోస్తున్నదే కదా, ఆమెకి అలవాటే.

సయీదా వెళ్ళాక రెండు రోజులు ఫోను లేదు. ఫసియుద్దీన్ అన్నం మాడబెట్టాడు, ఆఫీసులో ఒకే తప్పుని రెండుసార్లు దిద్దాడు. శుక్రవారం నమాజు నుంచి వచ్చేసరికి ఫోను మోగుతోంది. అవతల సయీదా కాదు.

"ఫసీ మియా, మీ బేగం కార్డు నా ఒళ్ళె పెట్టింది. లేవనిస్తలేదు. తీసెయ్యమంటే, షాదీకి వస్తనంటేనే తీస్తనంటది." అది ఆపా గొంతు. వెనక పోపు చిటపటమంటోంది. "ఒక్కటి చెప్పు. పాస్‌పోర్టుకు ఫోటోలు ఎన్ని గావాలె?"