రెండు వేళ్ళ ఎత్తు

మా ఇంట్లో మొగుడూ పెళ్ళాం వేరు కుంపట్లు పెట్టుకున్నారని ఎదురింటావిడ వీధి చివరిదాకా చెప్పిందట. ఆయనగారు ముందు గదిలో టీ కాచుకుంటున్నాడట, ఆవిడగారు పడగ్గదిలో తలుపేసుకుని వండుకుంటోందట. ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికొచ్చినామె ఈ మాట నా చెవిన వేసింది. ఆనక మా వంటింట్లోకి తొంగిచూసి, "ఓస్, ఇదా సంగతి!" అని ఉసూరుమంటూ వెళ్ళిపోయింది.

సంగతి ఇదే. ముప్ఫైనాలుగు రోజులుగా మాకు వంటిల్లు లేదు. పాత గట్టు పీకించాం, చెదలు తిన్న అరలు పారేశాం. ఇక ముందు నేల మీద టైల్స్ వెయ్యాలా, ముందు కప్‌బోర్డులు బిగించాలా అన్నది తేలక పని అక్కడే ఆగింది.

తేలకపోవడానికి కారణం టైల్సూ కాదు, చెక్కా కాదు. వడ్రంగి మా ఆడపడుచు మొగుడు. టైల్స్ వేసేవాడు మా తమ్ముడు. ఇద్దరూ పనిమంతులే, ఇద్దరూ రెండోవాడిగానే వస్తామనేవాళ్ళే. ముందు చేసినవాడి పనిని వెనకొచ్చినవాడు తొక్కుతాడు, గీతలు పెడతాడు. చూసినవాళ్ళ మెప్పంతా చివరివాడికి.

"చెక్కపని ముందు కానిమ్మనవే అక్కా. నా టైలు మీద ఆయన సుత్తి జారిందంటే పూచీ ఎవరిది?" అని తమ్ముడు.

"నేల లేకుండా కప్‌బోర్డులు గాల్లో నిలబెట్టమంటావా అమ్మా? అయినా వాడు సిమెంటు చిందించాక నా తలుపులకి ఏం మెరుపుంటుంది?" అని వడ్రంగి అన్నయ్యగారు.

మా ఆయన్ని అడిగితే, "నీ తమ్ముణ్ణి ముందు రమ్మంటే నీ మొహం మాడుతుంది, మా బావని రమ్మంటే మా అక్క మొహం మాడుతుంది" అని గోడకేసి చూసేవాడు.

నా బాధ నాది. పక్క వీధి ఆఫీసుకి రోజూ పదకొండు క్యారేజీలు పంపేదాన్ని. ఆరేళ్ళు కష్టపడి నిలబెట్టుకున్న పని. మంచం పక్కన ఒంటి పొయ్యి మీద పదకొండు మందికి ఏం వండను? ఇద్దరికి వండితేనే దిండ్లన్నీ పోపు వాసన. ఆపేశాను. ఆఫీసు మేనేజరు మంచివాడే, నెల ఓపిక పట్టాడు. ఆఖరికి, "సోమవారం కూడా రాకపోతే వేరేవాళ్ళని మాట్లాడుకుంటామమ్మా" అన్నాడు.

అప్పుడు వెలిగింది మా ఆయన బుర్ర. ఆఖరి పాలిష్ నీదేనని బావని ఒప్పించి శనివారం రప్పించాడు. తమ్ముణ్ణి ఆదివారం రమ్మన్నాడు. ఇద్దరూ ఎదురుపడకపోతే గొడవే లేదన్నాడు.

శనివారం కప్‌బోర్డులు లేచాయి, పైన నల్లరాయి గట్టూ కూర్చుంది. టైల్స్ పని దుమ్ము పడకుండా నా గిన్నెలు, పెద్ద పొయ్యి, పదకొండు క్యారేజీలు లోపల సర్ది తలుపులు మూశాను. ఆదివారం తమ్ముడు పాత నేల మీదే సిమెంటు పరిచి, తలుపుల అంచుదాకా అద్దంలా టైల్స్ వేసి వెళ్ళాడు.

సోమవారం పొద్దున్నే తలుపు లాగాను. కదల్లేదు. కాలు తన్నిపెట్టి లాగాను. రెండు వేళ్ళ ఎత్తు పెరిగిన నేల తలుపు అడుగంచుని పట్టుకుని కూర్చుంది. తలుపే ఊడదీద్దామంటే మడతబందులు లోపలివైపు. నా వంటసామానంతా వాటితోపాటే లోపల.

కబురు పెడితే ఇద్దరూ పరుగున వచ్చారు.

"పాత నేల తవ్వి వేస్తావనుకున్నానయ్యా తమ్ముడూ."

"పక్కకి జరిగే తలుపులనుకున్నా అన్నయ్యా."

"ఒక్క మాట అడిగితే నోరు అరిగిపోతుందా?"

"మీరు కనబడితేగా అడగడానికి!"

ఇద్దరూ తిరిగి మా ఆయన వైపు చూశారు. ఆయన చీపురు అందుకుని శుభ్రంగా ఉన్న నేలనే ఊడవటం మొదలెట్టాడు.

"తలుపు అడుగున కోసేస్తే పోతుంది."

"నా తలుపు మీద రంపం పెట్టు చూద్దాం! నీ టైలు లేపు."

"ఒకటి లేపితే వరసంతా పోతుంది."

ఎనిమిదైంది. తొమ్మిదిన్నరైంది. ఒకరు రంపం, ఒకరు ఉలి పట్టుకుని నిలబడ్డారే తప్ప చెయ్యి కదిలినవాడు లేడు. పదిన్నరకి ఫోన్ మోగింది. మా ఆయన ఎత్తి, అరచెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగాడు.

"మేనేజరు. క్యారేజీలు బయల్దేరాయా అంటున్నాడు. ఏం చెప్పను?"

నేను ఆ అద్దంలాంటి నేల మీదే చతికిలబడి ఉన్నాను. ఆయన చేతికింద నుంచి 'హలో, హలో' అని వినబడుతోంది.

"మీ బావ ముందా, మా తమ్ముడు ముందా తేలేదాకా వేరేచోట తినమని చెప్పండి."