మూడోసారి చలి

దోమ కాదు, ఇది కొత్త దోమ పని కానే కాదు, కుట్టుమిషన్ దగ్గర కాలరు తిప్పుతుంటే వేళ్ళ చివర్లలో సన్నగా మొదలైన ఈ చలి నాకు బాగా తెలుసు, కడుపుతో ఉన్నప్పుడొకసారి, పురుడయ్యాక ఒకసారి, ఇది మూడోసారి, మా ఆయనేమో ఇంకో దోమతెర కొనుక్కొచ్చాడు, మనింట్లో దోమలకంటే తెరలే ఎక్కువయ్యాయి మహానుభావా అన్నాను పళ్ళు టకటకలాడుతుంటే, మాత్రలు మధ్యలో మానేశావా అని నన్నే అడిగాడు, నేనా, ఒక్క కుట్టు కూడా వదలనిదాన్ని మాత్ర వదులుతానా, డాక్టరమ్మ మొదటిసారే చెప్పింది, ఈ మాత్రలు రక్తంలో ఉన్న మలేరియానే చంపుతాయి, కాలేయంలో నక్కి నిద్రపోయేది మిగిలే ఉంటుంది, దాని మందు కడుపుతో ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదు, బిడ్డ పుట్టి కాస్త పెద్దయ్యాక చూద్దాం అని, అందుకే ఇవాళ ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నాను, తేల్చుకునే వెళ్తాను.

ఆ మందు నాకు పడుతుందట, పాపకి పడదట, బుడ్డదాని రక్తం కూడా పరీక్ష చేయించి మరీ చెప్పింది డాక్టరమ్మ, పాలతో దానిలోకి చేరితే రక్తకణాలు చితికిపోతాయి, మందు వాడే రెండు వారాలూ పాలు ఆపాలి, లేదంటే పాలు మానేదాకా ఆగాలి, ఈలోపు చలి ఎన్నిసార్లైనా రావచ్చు, ఆలోచించుకోమ్మా అంది, ఆలోచించడానికేముంది, ఆగుతాను, రెండుసార్లు తట్టుకున్నదాన్ని, నా పాలు తప్ప అదేమీ ముట్టదు, నేను లేకపోతే బతకదు అన్నాను, వేరే పాలు ఎప్పుడైనా పట్టి చూశావా అంది పక్కనున్న అత్తయ్య, ఒకసారి పట్టాను, మూతి విరిచింది, చాలదా, మీరు ఊరుకోండత్తయ్యా.

వణుకు మోకాళ్ళదాకా వచ్చేసింది, పాప ఒళ్ళోంచి జారబోతే అత్తయ్య చటుక్కున అందుకుంది, అమ్మో, నా చేతులు నా మాట వినడం లేదు, దుప్పటి కప్పారు, ఇంకోటి కప్పారు, కిటికీ పక్కన అత్తయ్య డబ్బాపాలు కలిపి గిన్నెతో తాగిస్తోంది, ఇప్పుడు ఏడుస్తుంది చూడు, ఇదిగో ఇప్పుడే, ఏడవదేం, రెండు చేతులతో గిన్నె అంచు పట్టుకుని గడ్డమంతా కార్చుకుంటూ తాగుతోంది, అయిపోతే గిన్నెనే కొరుకుతోంది, నావైపు చూసి ఒక నవ్వు నవ్వి మళ్ళీ అందులోకే మొహం పెట్టింది, ఓసి దొంగా, నాకెంత సంతోషంగా ఉందో, ఎక్కడో చివుక్కుమంటోంది కూడా, డాక్టరమ్మా, ఆ మందు రాసెయ్యండి, పాలు మానలేనిది పాప కాదు, నేనే.