ఉప్పు వద్దన్న గంజి

తాలూకా కచేరీకి వచ్చిన ఆకాశరామన్న ఉత్తరంలో ఉన్నది ఒకటే వాక్యం.

"సాలోళ్ళ వాడల సర్కారు గంజి తాగుతలేరు, ఎత్కపోతున్రు."

అది 1952 వేసవి. బట్ట కొనేవాడు లేక, నూలు ఇచ్చేవాడు లేక చొప్పదండి చుట్టుపక్కల మగ్గాలు ఆగి ఐదు నెలలైంది. సర్కారు రెండు పనులు చేసింది. నేతగాళ్ళ వాడల్లో గంజి కేంద్రాలు తెరిచింది. దవాఖానాల దుప్పట్లు నేయమని సొసైటీ ద్వారా నూలు పంచింది. రెండింటికీ షరతులున్నాయి. గంజి అక్కడే కూర్చుని తాగాలి, బయటికి పోతే కేంద్రం మూత. దుప్పట్లు నెలాఖరుకు అందాలి, అందకపోతే మళ్ళీ నూలు లేదు.

తహసీల్దారు ఆ ఉత్తరంతో పాటు ఒక ఇనుప తాళం కూడా ఊళ్ళు తిరిగి తనిఖీ చేసే గిర్దావర్ రామచంద్రం చేతిలో పెట్టాడు.

"రేపు పొద్దుగాల్ల పో. నిజమే అయితే అక్కడికక్కడే తాళమేసి రా."

తెల్లారేసరికి రామచంద్రం సైకిలు సాలెవాడ బడి ముందు ఆగింది. బడి వరండాలో పెద్ద గంజి కాగు, దాని వెనక గరిటెతో వంటమనిషి శంకరవ్వ, ముందు నూట నలభై మంది వరుస. అతను మూలనున్న బస్తా మీద కూర్చుని చూశాడు.

మొదటి మనిషి లోటా చాపాడు. "ఉప్పెయ్యకు అక్కా."

రెండో ఆమె. "నాకు ఉప్పు వద్దు."

మూడు, నాలుగు, పది. అందరిదీ అదే మాట. రామచంద్రం లేచి తాను కూర్చున్న బస్తా వైపు చూశాడు. ఉప్పు బస్తా. మూతి కుట్టు కుట్టినట్టే ఉంది.

"ఇది వచ్చి ఎన్ని రోజులాయె?"

"ఇరవై రోజులు సారు."

"ఒక్క పిడికెడన్న తియ్యలే?"

"వాళ్ళే వద్దంటరు."

"ఎందుకు?"

శంకరవ్వ గరిటె వంకే చూస్తూ అంది. "ఉప్పు తింటే రోషమొస్తది సారు. రోషమొస్తె ఇట్ల లైన్ల ఎట్ల నిలబడ్తరు?"

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. రామచంద్రం నవ్వలేదు. ఆకలిగా ఉన్నవాడు చప్పటి గంజి అడగడం అతనెక్కడా చూడలేదు. పశువులకు పోస్తున్నారా? ఎక్కడైనా అమ్ముకుంటున్నారా?

అందరూ తాగుతూనే ఉన్నారు. కానీ ఎవరి లోటా ఖాళీ కావడం లేదు. సగానికి రాగానే మూతి తుడుచుకుని లేస్తున్నారు. ఐలవ్వ అనే ముసలామె నాలుగు గుక్కలు తాగి, లోటాను కొంగు చాటున దాచుకుని, గోడ పట్టుకుని బయటికి నడిచింది.

అతను ఆమె వెనకే వెళ్ళాడు. సంచిలో తాళం బరువుగా ఊగుతోంది.

ఐలవ్వ దారిలో రెండుసార్లు ఆగింది. అయినా చేతిలోని గంజిని నోటి దగ్గరికి తీసుకోలేదు. ఒలకకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టుకుంది. మూల తిరిగింది. రామచంద్రమూ తిరిగాడు.

"సారూ, దాటకుండ్రి! పడుగు!"

వీధిలోంచి ఎవరో అరిచారు. అతని కాలు గాలిలోనే ఆగింది.

వీధి ఈ చివర నుంచి ఆ చివరకు, మోకాలెత్తున, నూలు పరుచుకుని ఉంది. మగ్గమెక్కాల్సిన నిలువు పోగులు, వెయ్యికి పైగా, ఒకదాని పక్కన ఒకటి, ఎండ పడి మెరుస్తూ. అటో పదిహేను మంది, ఇటో పదిహేను మంది. చేతుల్లో కుంచెలు. అందరి చేతులూ ఒక్కసారే లేచి, ఒక్కసారే దిగుతున్నాయి. వీధి మొదట్లో ఒక కుండ, దాని మీద పలచటి గుడ్డ. వచ్చినవాళ్ళు వచ్చినట్టే లోటాలు అందులో వంచుతున్నారు. ఐలవ్వ కూడా వంచింది. చివరి చుక్క రాలేదాకా లోటాను అలాగే పట్టుకుంది.

ఎక్కడో ఒక పోగు తెగింది. ఎవరి వేళ్ళు కదిలాయో కూడా అతనికి కనబడలేదు, పోగు మళ్ళీ ఒక్కటైంది.

పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్న సిద్దిరాములు అనే నేతగాడు కుంచె ఆపకుండానే చెప్పాడు. "నూలిచ్చిన్రు సారు, మంచిదే. గంజి పెట్టని పోగు మగ్గమెక్కంగనే పుటుక్కున తెగుతది. ఇండ్లల్ల నూకలు లేవాయె. సర్కారుకు నూలు తెల్సు, ఆకలి తెల్సు. రెంటికి నడుమ గంజి ఉంటదని తెల్వది."

"మరి ఉప్పు?"

"ఉప్పుంటే చెమ్మ పడ్తది. పోగులన్ని అంటుకుంటయ్."

"ఈ పడుగు నీదేనా?"

"నాది నిన్ననే అయింది. ఇయ్యాల దేవవ్వది. రోజుకొక ఇల్లు."

తన పడుగు నిన్ననే తడిసినవాడు ఇవాళ కూడా సగం కడుపుతో ఇక్కడ ఉన్నాడు. ఆజ్ఞ వేసినవాడు లేడు, కాగితం లేదు.

"ఉత్తగనే నిలబడ్డవు గద కొడుకా," అంది ఐలవ్వ. "గా కర్ర జర గట్టిగ పట్టు. నాకు చేతనైతలేదు."

అతను పడుగు చివరి కర్ర పట్టుకున్నాడు. వెయ్యి పోగుల బిగువు మణికట్టులోకి ఎక్కింది. ప్రాణమున్నదేదో అవతల నుంచి లాగుతున్నట్టుంది. భుజం మీది సంచి జారి గల్లుమంది.

"ఏందది?" అన్నాడు సిద్దిరాములు.

అబద్ధం చెప్పాలనిపించలేదు. "తాళం. కేంద్రానికి."

ముప్పై కుంచెలూ ఆగిపోయాయి. వీధంతా అతని వైపే చూసింది.

"ఆపకుండ్రిరా!" ఐలవ్వ అరిచింది. "ఆరిపోతది! తాళం సంగతి మల్ల సూద్దాం!"

కుంచెలు మళ్ళీ లేచాయి. పడుగు ఆరేదాకా రామచంద్రం కర్ర వదల్లేదు.

మధ్యాహ్నం కచేరీలో రిపోర్టు రాశాడు.

"సగం గంజి ప్రజలు తాగుతున్నారు. మిగతా సగం సర్కారు నూలే తాగుతున్నది. కేంద్రం మూస్తే నెలాఖరుకు ఒక్క దుప్పటి కూడా రాదు. పడుగులకని వేరుగా నూకలు ఇప్పించవలెను."

తహసీల్దారు రెండుసార్లు చదివాడు. "గింత సూటిగ రాస్తరా? పైవాళ్ళకు నేను జవాబు చెప్పాలె. తాళమేది?"

రామచంద్రం తాళాన్ని బల్ల మీద పెట్టాడు. "నేనైతే వెయ్యలేను సారు. మీరొచ్చి ఆ వీధి చూసి వెయ్యండి."

తహసీల్దారు కిటికీ బయటికి చూశాడు. ఆ తర్వాత సిరా దవాత్ దగ్గరికి లాక్కుని, రిపోర్టు కింద సంతకం చేశాడు.

నాలుగో రోజు బండి మీద రెండు బస్తాల నూకలు వచ్చాయి. చీటీ మీద "పడుగుల కొరకు" అని ఉంది. సిద్దిరాములు ఆ చీటీని నలుగురికీ చూపించాడు. చదవడం రానివాళ్ళు కూడా చేతిలోకి తీసుకుని చూశారు.

మర్నాడు పొద్దున వరుసలో మొదట ఐలవ్వ నిలబడింది. లోటా చాపింది.

"ఐలవ్వా, ఎప్పటి లెక్కనేనా?" అడిగింది శంకరవ్వ.

"ఉప్పు దండిగెయ్యి," అంది ఐలవ్వ. "ఇయ్యాల నేను తాగుత."

శంకరవ్వ కత్తిపీట తెచ్చి ఉప్పు బస్తా కుట్టు కోసింది.